వి గాడిలో ఉక్కు గొట్టం

వరంగల్ ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ నేర్చుకునే రోజుల్లో మా చేతికి మొదట ఇచ్చిన సామాన్లలో వి-బ్లాక్ ఒకటి. గుండ్రటి కడ్డీని బల్ల మీద పెడితే దొర్లిపోతుంది. అదే కడ్డీ వి గాడిలో రెండు గీతల వెంట మాత్రమే ఆనుకొని, పక్కకు జరగకుండా నిలుస్తుంది. నర్సుగా పనిచేసే నా భార్యకు గ్రీన్ కార్డు వచ్చి, ఆమె వెంట నేనూ ఒహాయో చేరి, రైఫిళ్లకు అల్యూమినియం ఛాసీలు, అంటే చెక్క దిమ్మకు బదులు రైఫిల్ ఉక్కు భాగాలను మోసే చట్రాలు, చేసే ఒక చిన్న షాపులో పనికి కుదిరిన మొదటిరోజు నాకు బల్ల మీద కనిపించింది అదే గాడి. తెలియని దేశంలో తెలిసిన మనిషి ఎదురుపడినట్టు అనిపించింది.

బారెల్ మరలతో బిగుసుకొని ఉండే, లోపల తూటాను బారెల్‌లోకి తోసి మూసే బోల్టు కదిలే ఉక్కు భాగాన్ని యాక్షన్ అంటారు. 1962లో వచ్చిన రెమింగ్టన్ 700 యాక్షన్ గుండ్రటి గొట్టం ఆకారంలో ఉంటుంది, ఛాసీలోని వి గాడిలో కూర్చుంటుంది; మేము చేసే ఛాసీలలో ఎక్కువ భాగం ఆ కొలతకే కోస్తాము. యాక్షన్‌కూ బారెల్‌కూ నడుమ ఇరికించిన రికాయిల్ లగ్ అనే మందపాటి ఉక్కు పలక కిందికి పొడుచుకొని వచ్చి ఛాసీలోని గాడిలో దిగుతుంది. రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు ఆ దెబ్బను గాడి వెనుక గోడకు అందించే పని ఆ పలకది. అందుకే స్క్రూలు బిగించే ముందు యాక్షన్‌ను వెనక్కి నొక్కి, లగ్ ఆ గోడకు ఆనేలా చూస్తాము. ఆ తరువాత ముందు స్క్రూనూ వెనుక స్క్రూనూ టార్క్ రెంచ్‌తో 65 అంగుళం-పౌండ్ల వరకు, అంటే సుమారు 7.3 న్యూటన్ మీటర్ల వరకు బిగిస్తాము. బారెల్ మాత్రం ఛాసీని ఎక్కడా తాకకూడదు; కింద కాగితం ముక్క అడ్డు లేకుండా జారిపోవాలి.

చెక్క దిమ్మ అయితే తేమకు ఉబ్బుతుంది, ఎండకు తగ్గుతుంది, స్క్రూ కింద నలుగుతుంది. ఈరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీలో 1907 నుంచి జాతీయ షూటింగ్ పోటీలు జరుగుతున్నాయి. సరస్సు గాలిలో నిలబడి కాల్చేవారికి ఆ బాధ చెప్పనక్కరలేదు. అల్యూమినియం తేమకు ఉబ్బదు. కానీ చెక్క కాస్త నలిగి సర్దుకుంటుంది, లోహం సర్దుకోదు. కోతలో వెంట్రుకవాసి తేడా ఉన్నా స్క్రూ బిగించేకొద్దీ యాక్షనే వంగుతుంది. ఆ వంపు కంటికి కనబడదు, గురికి కనబడుతుంది.

ఒకసారి ఒక షూటర్ తన రైఫిల్‌ను వెనక్కి పంపాడు. మొదట్లో గుళ్లన్నీ ఒకేచోట పడేవట, బారెల్ మార్పించిన తరువాత చెదిరిపోతున్నాయట. లోపం ఛాసీదేనని అతని నమ్మకం. నేను సన్నని కదలికను ముల్లుతో చూపే డయల్ గేజ్ తీశాను. అల్యూమినియానికి అయస్కాంతం పట్టదు కనుక గేజ్ అయస్కాంతపు స్టాండును బారెల్ మీదే నిలబెట్టి, గేజ్ కొసను ఛాసీ ముందుభాగానికి ఆనించి, ముల్లును సున్నాకు తిప్పి, ముందు స్క్రూను నెమ్మదిగా వదులు చేశాను. అంగుళంలో వెయ్యో వంతులు రెండు దాటకూడదని మా లెక్క. ముల్లు ఆరు గీతలు, అంటే ఆరు వెయ్యో వంతులు, నడిచింది.

ఆ రాత్రి పరకాల దగ్గరి మా ఊరికి ఫోన్ చేసి బాపుకు ఈ సంగతి చెప్పాను. ఆయన నలభై ఏళ్లు దర్వాజలూ బండి చక్రాలూ చేసిన మనిషి. రైఫిల్ ఎన్నడూ ముట్టలేదు. "అది అంతటది కూసోవాలె బిడ్డా. నువ్వు గుంజి కూసోవెడితే, వదిలిపెట్టంగనే లేస్తది. ఏడ అడ్డం తలుగుతుందో సూడు ముందుగాల," అన్నాడు.

మర్నాడు యాక్షన్ అడుగునా, లగ్ మీదా ప్రష్యన్ బ్లూ అనే, తాకిన చోటల్లా మరక వేసే నీలి రంగును పలుచగా పూసి, ఛాసీలో దించి, స్క్రూలు బిగించకుండా చేతితో నొక్కి తీశాను. గాడి వెనుక భాగంలో రెండు నీలి గీతలు శుభ్రంగా పడ్డాయి. ముందు భాగంలో లోహం తెల్లగానే ఉంది. లగ్ దిగే గాడి అడుగున మాత్రం గోరంత నీలం చుక్క. బారెల్ మార్చినప్పుడు లగ్‌నూ మార్చారు. కొత్తది పాతదానికన్నా కాస్త పొడవు. దాని కొస గాడి అడుగును తాకి యాక్షన్ ముందుభాగాన్ని పైకి ఎత్తి పట్టడంతో, స్క్రూ దానిని కిందికి లాగిన ప్రతిసారీ ఉక్కు వంగుతూ వచ్చింది.

తప్పు ఛాసీది కాదని రాసి పంపేయడం సులువే. నాకు మనసొప్పలేదు. పనివాడికి లోపం దొరికితే దానిని సరిచేయాలి, అది ఎవరిదైనా సరే. షాపు పెద్దాయనను అడిగి, ఛాసీని మిల్లింగ్ మెషిన్ మీదికి ఎక్కించి, లగ్ గాడి అడుగును అర మిల్లీమీటరు లోతు చేశాను. వెనుక గోడ జోలికి పోలేదు. మళ్లీ బ్లూ పూసి చూస్తే, ఈసారి రెండు గీతలూ ముందు నుంచి వెనుక దాకా తెగకుండా వచ్చాయి. స్క్రూలు 65కు బిగించి, వదులు చేసి, మళ్లీ బిగించాను. ముల్లు ఒక గీత కూడా పూర్తిగా కదలలేదు. కోసిన లోతునూ, గేజ్ చూపిన రెండు కొలతలనూ చీటీ మీద రాసి రైఫిల్ పెట్టెలో పెట్టాను. కొత్త లగ్ కొలతను కూడా కింద రాశాను, ఇంకోసారి బారెల్ మార్చేవాడికి పనికొస్తుందని.