వలిసెలు పూసే వేళ నాన్నతో అరకు

పోయినేడాది దసరా సెలవుల్లో అరకు బయల్దేరి, మూడు రోజులూ వానలోనే గడిపి తిరిగొచ్చాం. అల్పపీడనం. ఘాట్‌లో రాళ్ళు జారిపడి రైలు రద్దయింది. శృంగవరపుకోట (ఎస్.కోట) మీదుగా కారులో పైకి వెళ్తే ముందున్న లారీ వెనక లైట్లు కూడా సరిగ్గా కనిపించనంత మంచు. మన్యంలో నూనె గింజల కోసం వేసే వలిసె పంట పసుపు పూలు చూపిస్తానని మా అమ్మాయికి నెల రోజుల నుంచీ చెబుతున్నాను. తీరా వెళ్తే చేలన్నీ పచ్చగా, మోకాలెత్తు మొక్కలతో ఉన్నాయి. ఒక్క పువ్వు లేదు. తప్పు వానది కాదు, నాది. స్కూలు సెలవులు చూసుకున్నాను గానీ చేను ఎప్పుడు పూస్తుందో కనుక్కోలేదు.

అందుకే ఈసారి ముందు పూల సంగతి తేల్చుకుని, తర్వాతే సెలవు పెట్టాను.

ఇంగ్లీషు పాఠాల్లో ఆటమ్ అంటే ఆకులు ఎర్రబడి రాలే కాలం. మనం దాన్ని శరదృతువు అని రాసేస్తాం గానీ, మన దగ్గర ఆకు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. ఆశ్వయుజం, కార్తీకం వేరు. వానలు వెనకబట్టి, ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంటుంది. వాగుల్లో నీళ్ళు ఇంకా ఉంటాయి, బురద తేరుకుంటుంది, కొండలు ఇంకా పచ్చగానే ఉంటాయి. మన్యంలో ఆ పచ్చదనం మధ్య పసుపు రంగు వచ్చేది ఈ రోజుల్లోనే. మన శరత్తుకి రంగంటూ ఉంటే అది వలిసె పువ్వుదే అని నాకనిపిస్తుంది.

అక్టోబరు నెలంటే తుపానుల భయం. 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12నే. ఆ గాలికి విశాఖే కాదు, పైన కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కూడా పెద్ద సంఖ్యలో కూలిపోయాయి. డిసెంబరు, సంక్రాంతి రోజుల్లో చలి బాగుంటుంది గానీ జనం మరీ ఎక్కువ, గదుల రేట్లూ అలాగే ఉంటాయి, పైగా అప్పటికి వలిసె చేలు కోతకొస్తాయి. అన్నీ చూసుకుని నవంబరు మధ్యలో నాలుగు రోజులు ఖాయం చేశాను.

మాది రాజమహేంద్రవరం. చాలామంది వైజాగ్ నుంచి అరకు వెళ్ళి అదే దారిన వెనక్కి వస్తారు. మాకు అలా అక్కర్లేదు. వైజాగ్‌లో రైలెక్కి అరకు, అక్కడి నుంచి కారులో పాడేరు, చింతపల్లి, లంబసింగి, దిగువన నర్సీపట్నం, తుని, ఇల్లు. తుని దాకా వెళ్ళిన దారి మళ్ళీ తొక్కకుండా చుట్టు తిరిగి రావచ్చు. మ్యాపు మీద వేలు పెట్టి ఈ దారి చూపించింది నాన్నే. చూపించి, "మీరెళ్ళి రండమ్మా, నాకెందుకు, ఎన్నిసార్లు తిరగలేదు" అన్నారు.

నాన్న వాల్తేరు డివిజన్‌లో గూడ్సు గార్డుగా చేశారు. కొత్తవలస, కిరండూల్ లైను మీద ఏళ్ళ తరబడి తిరిగారు. జపాన్‌కి ఇనుప ఖనిజం పంపడానికని 1960ల్లో వేసిన లైను అది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల్లో తవ్విన ఖనిజం ఆ లైను మీదుగానే విశాఖ రేవుకి దిగుతుంది. మా చిన్నప్పుడు నాన్న డ్యూటీ నుంచి వస్తే చొక్కా నిండా ఎర్రటి దుమ్ము. అమ్మ ఆ చొక్కాలు విడిగా నానబెట్టేది. అన్నేళ్ళు ఆ కొండల్లో తిరిగిన మనిషి అరకులో ఏం చూశారని అడిగితే స్టేషను, రైలు సిబ్బంది పడుకునే రన్నింగ్ రూము అన్నారు. అంతకు మించి ఎప్పుడూ ఊళ్ళోకి వెళ్ళలేదట.

"అయితే ఈసారి నువ్వు రావాల్సిందే నాన్నా" అన్నాను. రెండు రోజులు బతిమాలితే ఒప్పుకున్నారు. కార్తీక సోమవారం ఉపవాసం మాత్రం మానను అన్నారు. సరే అన్నాం.

అరకు రైల్లో అద్దాల పైకప్పున్న పెట్టెలో టికెట్లు దొరకాలంటే రిజర్వేషన్ తెరిచిన రోజే చేసుకోవాలి. 2017లో ఆ విస్టాడోమ్ పెట్టె పెట్టినప్పటి నుంచీ దానికి గిరాకీ తగ్గలేదు. ముందురోజు రాత్రి గోపాలపట్నంలో పెద్దమ్మ వాళ్ళింట్లో పడుకుని, తెల్లారకుండానే స్టేషనుకి వెళ్ళాం. పెద్దమ్మ ఇచ్చిన ఇడ్లీల డబ్బా రైలు కదలకముందే ఖాళీ అయింది.

కొత్తవలస, ఎస్.కోట దాకా మామూలు పల్లం, కొబ్బరి చెట్లు. బొడ్డవర దాటాక రైలు కొండెక్కడం మొదలుపెడుతుంది. మా అమ్మాయి నోటుబుక్కు తీసి ఒక్కో సొరంగానికీ ఒక్కో గీత పెట్టసాగింది. పెట్టె అంతా చీకటైనప్పుడల్లా పిల్లలు కేకలు, బయటికి రాగానే కుడి ఎడమల లోయలు. నాన్న మాత్రం పైకప్పు అద్దంలోంచి చూడలేదు. కిటికీకి ఆనుకుని పట్టాల పక్కన నేలనే చూస్తూ కూర్చున్నారు. చిమిడిపల్లి రాగానే లేచి నిలబడి, "అదిగో, ఆ లూపు లైను. అక్కడే ఎదురు బండి కోసం గంటలు గంటలు క్రాసింగ్‌కి ఆపేసేవారు. చివర గార్డు పెట్టె, బ్రేకు వ్యాను మెట్ల మీద కూర్చుని మీ అమ్మ ఇచ్చిన క్యారియర్ విప్పేవాణ్ణి" అన్నారు. రాత్రుళ్ళు సొరంగంలో బండి ఆగిపోతే ఏం చేసేవాడివి తాతయ్యా అని మా అమ్మాయి అడిగితే, చేతిలో లాంతరు ఉండేదని చెప్పారు. లోడుతో దిగేటప్పుడు బండి బరువంతా వీపు మీదే ఉన్నట్టుండేదట, బ్రేకుల వాసన లోయంతా వచ్చేదట. ఇవేవీ నాకు ఇంతకుముందు తెలియవు. ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

బొర్రా గుహల దగ్గర సగం పెట్టె దిగిపోయింది. మేం దిగలేదు. లోపల మెట్లు చాలా ఎక్కిదిగాలి, నాన్న మోకాళ్ళకి అది మంచిది కాదు. యుగాలుగా గోస్తనీ నది నీళ్ళు సున్నపురాతిని తొలిచి చేసిన ఆ గుహల్ని చూడాలంటే హడావుడి లేకుండా ఒక రోజు పెట్టుకోవాలి. శిమిలిగుడ దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ మీద అన్నిటికన్నా ఎత్తున్న స్టేషను ఇదే. అక్కడ గాలి మారిపోయింది. నాన్న సంచీలోంచి మఫ్లర్ తీసుకున్నారు.

అరకులో ఒక చేదు అనుభవం. ఫోన్లో అడ్వాన్సు కట్టి మరీ చెప్పిన గదిని వేరేవాళ్ళకి ఇచ్చేశారు. పెద్దాయన ఉన్నారని చెప్పినా వినలేదు. గంటసేపు రోడ్డు మీద సామాన్లతో నిలబడ్డాం. చివరికి మా డ్రైవరు తనకు తెలిసినవాళ్ళ ఇంట్లో రెండు గదులు ఇప్పించాడు. బుకింగ్‌కి రాతపూర్వకంగా ఏదో ఒకటి, కనీసం మెసేజీ అయినా ఉంచుకోండి. ఆ ఇల్లు మాత్రం చాలా బాగుంది. పొద్దున్నే ఇంటావిడ చోడి (రాగి) అంబలి కాచి ఇచ్చారు, ఉల్లిపాయ నంజుకుని తాగాం.

ఇక వలిసెలు. ఊరు దాటి కొంచెం లోపలికి వెళ్ళగానే కనిపించాయి. కొండ వాలు మీంచి రోడ్డు దాకా దుప్పటి పరిచినట్టు ఒకటే పసుపు. దగ్గరికి వెళ్ళి చూస్తే పువ్వు చిన్నదే, రూపాయి బిళ్ళ కన్నా కొంచెం పెద్దది. చుట్టూ ఎనిమిది రేకులు, మధ్యలో అదే రంగు బొడిపె. పొద్దుతిరుగుడుకి చెల్లెలిలా ఉంటుంది. ప్రతి నాలుగో పువ్వు మీదా ఒక తేనెటీగ. చేను మొత్తం సన్నగా రొద పెడుతోంది. ఫోటోల్లో ఆ రొద ఉండదు, అందుకే అక్కడ నిలబడినప్పుడు వింతగా అనిపించింది.

చేను మొదట్లో ఒక ముసలావిడ గొడుగు వేసుకుని కూర్చుని ఉంది. మనిషికి ఇరవై రూపాయలు. కొందరు బేరమాడుతున్నారు. నాకు బాధేసింది. ఇది పార్కు కాదు, పంట. వెర్రినువ్వులని కూడా అంటారు, వీటి గింజల నుంచి నూనె తీస్తారు. ఫోటో కోసమని మధ్యలోకి నడిచినచోటల్లా మొక్కలు వాలిపోయి దారులు పడి ఉన్నాయి. అలా పడిపోయిన మొక్క మళ్ళీ లేచి గింజ పట్టదు. మేం నలుగురికీ డబ్బులిచ్చి గట్టు మీదే నిలబడ్డాం. "లోపలికెళ్ళండమ్మా, డబ్బులిచ్చారు కదా" అంది ఆవిడ. మా అమ్మాయే వద్దంది. అప్పుడు ఆవిడ కొంగు ముడి విప్పి, నిరుటి గింజలు నాలుగు మా అమ్మాయి చేతిలో పోసింది. నల్లగా, నిగనిగలాడుతూ, నువ్వు గింజ కన్నా సన్నగా, కాస్త పొడుగ్గా ఉన్నాయి. వేయించి దంచి ఉప్పూ కారం కలుపుకుంటామని చెప్పింది. దయచేసి చేలో దిగకండి. గట్టు మీంచి కూడా ఫోటో చాలా బాగా వస్తుంది.

మర్నాడు పాడేరు దారి. హుకుంపేట దగ్గర దారి మళ్ళి మత్స్యగుండం వెళ్ళాం. ఆ రోజు సోమవారం. రాళ్ళ మధ్య మడుగులో చేపలు గుంపులుగా తిరుగుతుంటాయి, అక్కడ ఎవరూ పట్టరు. పక్కనే శివుడి గుడి. నాన్న దీపం పెట్టి, మరమరాలు కొని చేపలకు వేశారు. రాత్రి పాడేరులో నక్షత్రాలు చూశాకే భోంచేశారు. మేం ముగ్గురం బొంగులో చికెన్ తినాలని అనుకున్నాం గానీ ఆయన పక్కనుండగా మనసొప్పలేదు.

పాడేరు 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రం. నేను చూసిన పాత పాడేరు కన్నా వీధుల్లో సందడి బాగా పెరిగింది. వంజంగి కొండ అక్కడికి దగ్గర. తెల్లవారుజామున నాలుగింటికి నేనూ, మా వారూ, అమ్మాయీ బయల్దేరాం. నాన్న గదిలోనే ఉండిపోయారు. కొంత దూరం బండి, తర్వాత టార్చిలైటు వేసుకుని నడక. రాళ్ళు తడిగా ఉంటాయి, చెప్పులు వద్దు, బూట్లే వేసుకోండి. పైకి చేరేసరికి తూర్పున సన్నటి గీత. కింద లోయ కనిపించలేదు. తెల్లటి మేఘం నిశ్చలంగా పరుచుకుని ఉంది, దానిలోంచి కొండ శిఖరాలు దీవుల్లా తేలుతున్నాయి. గాలి లేని, మబ్బు లేని రాత్రి చల్లగాలి బరువెక్కి లోయల్లోకి దిగి, అక్కడి తేమ మంచుగా మారుతుంది. అందుకే వానలు ఆగిన కొత్తల్లో, నేలలో తడి ఉండగానే ఇది బాగా కనిపిస్తుంది. సూర్యుడు వచ్చిన పావుగంటకి ఆ మేఘం అంచులు కదలడం మొదలైంది. మాలాగే వచ్చిన వందమందిలో ఒక్కరూ మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం దారి పొడవునా బిస్కెట్ కవర్లు. మా వారు ఒక సంచీ నింపి కిందికి తెచ్చారు.

మినుములూరులో కాఫీ తోట. సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగ. కాయలు అప్పుడే ఎర్రబడుతున్నాయి. ఒకే కొమ్మకు పచ్చవి, పసుపువి, ఎర్రవి. కోసే అమ్మాయి వేళ్ళు పచ్చకాయని తగలకుండా ఎర్రది మాత్రమే తెంపుతున్నాయి, చూస్తూ ఉండిపోయాను. నాన్న ఒక కాయ నోట్లో వేసుకుని, "తియ్యగా ఉందే" అని ఆశ్చర్యపోయారు. పైగుజ్జు తియ్యగానే ఉంటుంది. లోపల రెండు గింజలు ముఖాముఖి అతుక్కుని ఉంటాయి. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంత పేరున్న కాఫీ ఇలా ఒక్కో కాయా ఏరితేనే వస్తుంది.

చింతపల్లి దాకా సిగ్నల్ ఉండీ లేనట్టే, చేతిలో నగదు ఉంచుకోవాలి. చింతపల్లిలో రాజ్‌మా, పసుపు కొన్నాం. లంబసింగిలో ఒక టీ తాగి, తాజంగి చెరువు గట్టు మీద కాసేపు కూర్చుని దిగిపోయాం. ఇంకో నెల ఆగితే అక్కడ చలి బాగా ముదురుతుంది. మాకు అప్పటికే నిండుగా ఉంది. నర్సీపట్నంలో దిగువ గాలి తగలగానే నాన్న మఫ్లర్ విప్పారు.

ఇంటికొచ్చిన రెండో రోజు సాయంత్రం నాన్న వరండాలో మా అమ్మాయి నోటుబుక్కు పెట్టుకుని కూర్చున్నారు. దాని గీతలు ముప్పయి దాకా బాగానే ఉండి, తర్వాత గజిబిజి అయిపోయాయి. నాన్న పెన్సిల్‌తో ఆ గీతల మధ్యలో వరసగా ఊళ్ళ పేర్లు రాస్తున్నారు. బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా, కరకవలస, శిమిలిగుడ, అరకు. ఒకచోట ఆగి కళ్ళజోడు సర్దుకుని మనవరాలిని పిలిచారు.

"చిమిడిపల్లి తర్వాత రెండు తగ్గాయే అమ్మడూ."

"నువ్వు క్యారియర్ గురించి చెబుతున్నావు కదా తాతయ్యా, అప్పుడు వదిలేశాను."

నాన్న అక్కడ రెండు గీతలు గీశారు.