నడి ఎండలో ఫోన్ వీడియో: అసలు చిక్కు షట్టర్ దగ్గర

వెలుగు ఎంత ఎక్కువగా ఉంటే వీడియో అంత బాగా వస్తుందని చాలామంది నమ్ముతారు. హైదరాబాద్ మక్కా మసీదు ఆవరణలో మిట్టమధ్యాహ్నం ఫోన్‌తో తీసిన వీడియోను ఒకసారి తీరిగ్గా చూస్తే ఆ నమ్మకం సడలుతుంది. రాతి గోడలు, మీనార్లు స్పష్టంగానే ఉంటాయి కానీ, ఒక్కసారిగా పైకి లేచే పావురాల గుంపు మాత్రం సాఫీగా ఎగరక, ముక్కలు ముక్కలుగా గెంతుతున్నట్టు కనిపిస్తుంది. ఇది ఫోన్ పాతబడినందువల్ల వచ్చిన తేడా అనుకొని కొత్త ఫోన్ కొనేవారు ఉన్నారు. నా దృష్టిలో అది దండగ ఖర్చు.

ఎక్కువ ఫోన్ కెమెరాలకు అపర్చర్, అంటే వెలుగు వచ్చే లెన్సు ద్వారం, స్థిరంగా ఉంటుంది కనుక, దాన్ని చిన్నది చేసి వెలుగును తగ్గించే వీలు లేదు. ఐఎస్ఓను (వెలుగుకు కెమెరా స్పందించే తీవ్రతను) కనిష్ఠానికి దించాక కెమెరాకు మిగిలేది షట్టర్ వేగాన్ని పెంచడం, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుగు పట్టే వ్యవధిని తగ్గించడమొక్కటే. ఫిలిం రోజుల నుంచి ఫొటోగ్రాఫర్లు వాడుతున్న ‘సన్నీ 16’ లెక్క ప్రకారం, నిండు ఎండలో అపర్చర్ ఎఫ్/16, ఐఎస్ఓ 50 ఉంటే షట్టర్ సెకనులో 50వ వంతు తెరుచుకుంటే చాలు. ఎఫ్ సంఖ్య తగ్గేకొద్దీ ద్వారం పెద్దది; ఫోన్ లెన్సు ఎఫ్/1.8 అయితే దాదాపు 79 రెట్లు వెలుగు లోపలికి వస్తుంది కాబట్టి, ఆ షట్టర్ సెకనులో సుమారు 4,000వ వంతుకు చేరాలి. అంత తక్కువ వ్యవధిలో పట్టిన ప్రతి ఫ్రేములోనూ పావురం రెక్క ఈకతో సహా బిగుసుకుపోయి ఉంటుంది. కదలికలో సహజంగా ఉండవలసిన మసక లేకపోవడంతో ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ లంకె తెగిపోతుంది. సినిమా ఛాయాగ్రాహకులు సాధారణంగా సెకనుకు 25 ఫ్రేములు తీసేటప్పుడు షట్టర్‌ను 50వ వంతు దగ్గర ఉంచేది ఆ మసక కోసమే.

కాబట్టి మనకు కావలసింది లెన్సుకు నల్ల కళ్లద్దం, అంటే ఎన్‌డీ ఫిల్టర్. ఎన్‌డీ64 వెలుగును 64వ వంతుకు, అంటే ఆరు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) తగ్గిస్తుంది; పైన చెప్పిన 4,000వ వంతు దానితో 60వ వంతు దగ్గరికి వస్తుంది, మిగిలిన ఆ కాస్త తేడా కంటికి ఆనదు. మబ్బు పట్టిన రోజున ఎన్‌డీ8 లేదా ఎన్‌డీ16 సరిపోతుంది. తిప్పుతూ పెంచుకోగల వేరియబుల్ ఎన్‌డీ సౌకర్యంగానే ఉంటుంది కానీ, గరిష్ఠానికి తిప్పితే వైడ్ లెన్సులో ఆకాశం మీద అడ్డంగా నల్లటి చారలు పడతాయి; అందుకని నేను స్థిరమైన ఫిల్టర్‌కే ఓటు వేస్తాను. ఫిల్టర్ పెట్టినంత మాత్రాన సరిపోదు, షట్టర్ వేగాన్ని కూడా మనమే 50వ వంతు దగ్గర స్థిరపరచాలి. అందుకు ఫోన్‌లో సెట్టింగులను మన చేతికిచ్చే ప్రో వీడియో మోడ్ గానీ, ఐఫోన్, ఆండ్రాయిడ్ రెండింటికీ ఉచితంగా దొరికే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ గానీ వాడవచ్చు. లెన్సును కూడా లాక్ చేయడం మంచిది, లేకపోతే జూమ్ చేయగానే ఫోన్ ఫిల్టర్ లేని మరో కెమెరాకు మారిపోతుంది.

దీనితో కలిసివచ్చే లాభం ఒకటి లాడ్ బజార్‌లో తెలుస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కనుక చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. వీధిలోని ఎండకు షట్టర్ వేగం పెరిగిందంటే, గాజుల దుకాణం లోపలి దీపాల వెలుగు తెర మీద పట్టీలుగా పాకుతుంది. 50వ వంతు దగ్గర ఆ పట్టీలు మాయమవుతాయి.

ఎక్స్‌పోజర్ (చిత్రం ఎంత వెలుగుగా ఉండాలన్న) విషయంలో నాది ఒకటే పట్టు: తెల్లని భాగం వివరాలు చెరిగిపోయేంతగా వెలిసిపోకూడదు. హుస్సేన్ సాగర్ మధ్య 1992లో నిలిపిన ఏకశిలా బుద్ధుణ్ణి ట్యాంక్‌బండ్ మీది నుంచి ఉదయం తీస్తే, సూర్యుడు మన వీపు వెనుక ఉండి విగ్రహం మెరిసిపోతుంది. విగ్రహం మీద వేలితో నొక్కి పట్టి లాక్ చేసి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగితే చీవర మడతలు తేలతాయి. సాయంత్రమైతే సూర్యుడు ఎదురుగా వస్తాడు కనుక నెక్లెస్ రోడ్డు వైపు నుంచి తీయడమే మేలు.

మనుషులను తీయడం మరింత కష్టం. మే రెండో వారంలో హైదరాబాద్‌లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. కనుబొమల నీడ కళ్లను మింగేస్తుంది, ఏ ఫిల్టరూ దాన్ని సరిచేయదు. అలాంటప్పుడు మనిషిని చార్మినార్ కమాను నీడ అంచులోకి ఒక అడుగు జరిపి, ముఖం ఎండ వైపు తిప్పిస్తే, నేల మీద పడి తిరిగొచ్చే వెలుగు కళ్లలో చేరుతుంది.

ఇక వేడి. ఐఫోన్‌ను 35 డిగ్రీలలోపే వాడాలని ఆపిల్ చెబుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఆ మాట ఎలా చెల్లుతుంది? ముందు తెర మసకబారుతుంది, తర్వాత రికార్డింగే ఆగిపోవచ్చు. కవర్ తీసేయడం, ఛార్జింగ్ పెట్టకపోవడం, అవసరం లేకపోతే 4కే 60 ఫ్రేములకు పోకపోవడం కొంత ఉపకరిస్తాయి. అన్నిటికంటే మేలైనది గొడుగు: చూసేవారు నవ్వుకున్నా సరే, ఫోన్ చల్లగా ఉంటుంది, తెర కూడా కనిపిస్తుంది. వేడెక్కిన ఫోన్‌ను మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి, లోపల తేమ పట్టి అసలుకే మోసం వస్తుంది.