పాత ట్రాక్టర్‌కు కొత్త బ్యాటరీ కొనే ముందు

మహారాష్ట్రలోని సిరొంచ, అంకీస వైపు నాట్ల పని మొదలైతే చాలు, "బ్యాటరీ పోయింది, సెల్ఫ్ ఎత్తుకుంటలేదు" అనే మాట వినపడుతుంది. చాలాసార్లు పోయింది బ్యాటరీ కాదు.

రాత్రంతా ఆపి ఉంచిన బండికి పొద్దున్నే మల్టీమీటర్ పెట్టండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగమే. నిండా చార్జయ్యాక కూడా సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి పడిపోతుంటే అప్పుడు బ్యాటరీని అనుమానించాలి.

వోల్టేజీ బాగుండి సెల్ఫ్ బరువుగా తిరిగితే ఎర్త్ పట్టీని, అంటే బ్యాటరీ నెగటివ్‌ను బండి బాడీకి కలిపే పట్టీని, చూడండి. పాత బండ్లకు అసలు రోగం ఇదేనని నా నమ్మకం. మీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్ పోలుకు, రెండోది ఇంజిన్ బాడీకి ఆనించి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే పట్టీ విప్పి, బోల్టు కింది తుప్పు, పెయింటు పోయి ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దాలి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు చివర. టెర్మినళ్ల మీది తెల్లపొడిని తినే సోడా నీళ్లతో కడగండి, చుక్క కూడా లోపలికి పోనివ్వకండి.

ఇక చార్జింగ్. బండి స్టార్ట్ చేసి రేజ్ పెంచితే బ్యాటరీ మీద మీటర్ 13.8 నుంచి 14.4 వోల్టులు చూపాలి. పెరగకపోతే ముందు బెల్టు, తర్వాత కార్బన్ బ్రష్‌లు. డైనమో బండి స్లోలో చార్జ్ చేయకపోవడం మామూలే. 15 దాటితే చార్జింగ్‌ను అదుపు చేసే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీలో నీళ్లు తగ్గి ప్లేట్లు బయటపడతాయి. ఆల్టర్నేటర్ బండి నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి పరీక్షించకండి, డయోడ్లు కాలిపోతాయి.

మే ఎండల్లో వారానికోసారి బ్యాటరీ మూతలు తీసి నీళ్లు చూడండి. తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి, యాసిడ్ కాదు.