ఫోన్ చేతిలోకి వచ్చే ముందు ఏం జరిగిందో రాయండి

హైదరాబాద్‌లో సర్కారు ఉద్యోగాల పోటీ పరీక్షలకి చదివేవాళ్లు ఉండే అశోక్ నగర్, చిక్కడపల్లి, దిల్‌సుఖ్‌నగర్. ఏ రీడింగ్ హాల్‌లో చూసినా పుస్తకాలకు కొదవ లేదు, టైం టేబుళ్లకు అసలే లేదు. ప్రిపరేషన్‌ని లోపల్లోపల తినేసేవి అలవాట్లు. రాత్రి ఒంటిగంట దాటేదాకా రీల్స్, టిఫిన్ మానేసి పరగడుపున చాయ్, సాయంత్రం టీ కొట్టు దగ్గర ఉద్యోగ నోటిఫికేషన్ మీద, కోర్టు కేసుల మీద గంటన్నర చర్చ, టెలిగ్రామ్‌లో కనిపించిన ప్రతి పీడీఎఫ్‌నీ దించుకోవడం. మానాలని అందరికీ తెలుసు. సోమవారం ఒట్టు పెట్టుకుంటారు, గురువారానికి తప్పుతారు, శుక్రవారమంతా తమని తాము తిట్టుకుంటారు, శనివారం నుంచి మళ్లీ మామూలే.

ఒట్లు లేకుండా ఈ అలవాట్లను మార్చుకునే దారి ఉంది. ముందు గమనించాలి, తర్వాత ఒకే ఒక్క చిన్న మార్పు చేయాలి. మెల్లగా సాగుతుంది, కానీ నిలబడుతుంది.

మొదటి వారం ఏదీ మానొద్దు. జేబులో పట్టే చిన్న నోట్‌బుక్ ఒకటి, పెన్సిల్ ఒకటి చాలు. ఫోన్‌లో మాత్రం రాయకండి, రాయడానికి తీసిన ఫోన్ మళ్లీ లోపలికి వెళ్లదు. అలవాటు జరిగిన ప్రతిసారీ ఒక లైన్ రాయాలి: టైం, చోటు, సరిగ్గా ఆ క్షణంలో ఏం చేస్తున్నారు, ఒంట్లో ఎలా ఉంది, ఏం చేశారు, అది అయ్యాక ఎలా ఉంది. ఉదాహరణకి ఇలా:

"4:10. హాల్. ఎకానమీ, విదేశీ చెల్లింపుల శేషం. ఏది కరెంట్ ఖాతాలోకి వస్తుందో, ఏది మూలధన ఖాతాలోకి వస్తుందో తేలట్లేదు. నుదురు బిగిసింది. ఫోన్. 4:45. కళ్లు మంట, చిరాకు ఎక్కువైంది."

దాదాపు అందరూ ఇక్కడ "బోర్ కొట్టింది" అని రాసి ఊరుకుంటారు. ఆ మాట దగ్గర ఆగితే దేనికీ పనికిరాదు. బోర్ కొట్టడానికి ముందు క్షణంలో ఏముందో చూడాలి. పైన రాసిన లైన్‌లో ఉన్నది బోర్ కాదు, అర్థం కాని ఒక పాయింట్. ఆ ఇబ్బంది నుంచి తప్పించుకునే దారిగా ఫోన్ వచ్చింది. ఇంకో పొరపాటు, రాత్రి పడుకునే ముందు రోజంతా గుర్తు తెచ్చుకుని రాయడం. అప్పటికి ఒంట్లో ఏమనిపించిందో ఉండదు, "ఇవాళ కూడా వేస్ట్ చేశాను" అన్న తీర్పు మాత్రమే మిగులుతుంది. మరో మాట, రాయడం మొదలుపెట్టగానే చాలామందిలో అలవాటు దానంతట అదే కొంచెం తగ్గుతుంది. అది చూసి మొదటి వారంలోనే పని అయిపోయిందనుకుని నోట్‌బుక్ పక్కన పెట్టకండి.

వారం తర్వాత ఆ పేజీలన్నీ ఒకేసారి చదవండి. ఫోన్ ఒకటే అయినా, దాని దగ్గరికి పంపే కారణాలు నాలుగైదు ఉంటాయి. ఒక్కో దానికి వేరే మందు.

అర్థం కాని పాయింట్ దగ్గర ఫోన్ తీస్తున్నారని తేలితే, ముందే ఒక వాక్యం రాసి పెట్టుకోండి: "రెండుసార్లు చదివినా పాయింట్ ఎక్కకపోతే, అంచున ప్రశ్న గుర్తు పెట్టి, డౌట్‌ని ఒక్క లైన్‌లో రాసి తర్వాతి హెడ్డింగ్‌కి వెళ్తాను." ఇలా 'ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను' అని ముందే కట్టుకున్న ప్లాన్‌కి ఎంత బలం ఉంటుందో పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త 1999లో వివరంగా రాశారు. "ఇకనుంచి ఫోన్ చూడను" అనే దానికంటే ఇది పనిచేయడానికి కారణం ఉంది. ఆ క్షణంలో కొత్తగా ఆలోచించక్కర్లేదు, చేతికి వేరే పని సిద్ధంగా ఉంటుంది. పోగైన డౌట్లను సాయంత్రం ఒకేసారి తోటివాళ్లతో కూర్చుని తేల్చుకోవచ్చు. టీ కొట్టు దగ్గర చర్చకి అప్పుడు ఒక పని కూడా దొరుకుతుంది.

చాప్టర్ అయిపోయాక వచ్చే ఖాళీలో ఫోన్‌లోకి జారుతున్నవాళ్లు, పుస్తకం మూసేముందే తర్వాత చదవాల్సిన పేజీ నంబర్ చీటీ మీద రాసి పైన పెట్టాలి. గ్రాండ్ టెస్ట్ (మొత్తం సిలబస్ మీద పెట్టే నమూనా పరీక్ష) మార్కులు చూశాక జారేవాళ్లు, గ్రూప్‌లో పక్కవాళ్ల స్కోర్లు చూడకముందే తప్పుపోయిన బిట్లలో మూడు తీసి, ఎందుకు తప్పాయో రాయాలి: తెలియకనా, చదివి మర్చిపోయా, ప్రశ్న సరిగా చదవకనా. పొద్దున పదకొండింటికి చదువు సాగక ఫోన్ తీస్తున్నవాళ్లలో చాలామందికి ఉన్నది ఆకలి. దానికి రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో చాలు.

ఇంటి నుంచి ఫోన్ వచ్చాక చదవలేకపోవడం మాత్రం వేరు. "ఇంకెన్నాళ్లు బిడ్డా" అని అమ్మ అడిగితే ఆ బరువు ఏ టెక్నిక్‌తోనూ దిగదు. ఆ కాల్‌ని రాత్రి భోజనం తర్వాతకి మార్చుకోండి. మాట్లాడాక పది నిమిషాలు నడవండి, బాధగా ఉందని నోట్‌బుక్‌లో ఉన్నదున్నట్టు రాయండి. అంతకు మించి ఆ రాత్రి తన మీద తాను ఏమీ రుద్దుకోనక్కర్లేదు.

ప్లాన్ ఉన్నా చెయ్యి లాగుతూనే ఉంటుంది. ఆ లాగడాన్ని అణచకుండా చూస్తూ ఉండే పద్ధతిని అలన్ మార్లాట్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త వ్యసనాల చికిత్సలో వాడారు. కోరిక పెరుగుతుంది, ఒక స్థాయికి చేరుతుంది, మనం ఏమీ చేయకపోయినా కొన్ని నిమిషాల్లో తగ్గుతుంది. చేయాల్సింది ఇంతే: చేతులు బల్ల మీద, పాదాలు రెండూ నేల మీద. ఆ లాగుడు ఒంట్లో ఎక్కడుందో వెతకండి. వేళ్లలోనా, ఛాతీలోనా, దవడలోనా? "చెయ్యి లాగుతోంది" అని మనసులో అనుకుని, పది శ్వాసలు మామూలుగా లెక్కపెట్టండి. పదయ్యాక ఫోన్ తీయాలనిపిస్తే తీయొచ్చు. నిజంగానే తీయొచ్చు. ఆ పది శ్వాసల వల్ల, చెయ్యి దానంతట అది చేసే పని మీరు తెలిసి చేసే పనిగా మారింది. ఇక్కడ తప్పు ఎక్కడ జరుగుతుందంటే, పళ్లు బిగించి, ఊపిరి బిగపట్టి యుద్ధంలా చేస్తారు. అలా చేస్తే కోరిక ఇంకా ముదురుతుంది. మొదట పగటిపూట, లాగుడు తక్కువగా ఉన్నప్పుడు అలవాటు చేసుకోండి.

రాత్రిపూట ఈ గమనింపు మీద ఆధారపడకండి. అలసిన మనసుకి అంత ఓపిక ఉండదు, అక్కడ గదిని మార్చడమే మేలు. హాస్టల్ గదుల్లో చాలాసార్లు ప్లగ్ మంచం పక్కనే ఉంటుంది. ఒక ఎక్స్‌టెన్షన్ కొని చార్జింగ్‌ని తలుపు వైపు పెట్టుకోండి, లేవడానికి మామూలు అలారం గడియారం వాడండి. ఒంటిగంటన్నరకి పడుకునేవాళ్లు ఒక్కసారిగా పదకొండున్నరకి పడుకుంటే నిద్ర రాదు, చీకట్లో మళ్లీ ఫోనే దిక్కవుతుంది. ముందు లేచే టైం స్థిరం చేసుకుని, పడుకునే టైంని నాలుగు రోజులకోసారి 15 నిమిషాలు త్వరగా వచ్చేలా జరపండి. నెల రోజుల్లో రెండు గంటలు జరుగుతుంది.

మెస్‌లో కడుపునిండా అన్నం తిని రెండింటి నుంచి నాలుగింటి దాకా పడుకోవడం కూడా ఇలాంటిదే. 2024 అక్టోబర్‌లో జరిగిన తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్ మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా, అదే ఏడాది డిసెంబర్‌లో గ్రూప్-2 రెండో పూట పేపర్లు 3 నుంచి 5:30 దాకా జరిగాయి. అంటే మీ ఒంటికి నిద్ర నేర్పిన గంటల్లోనే పేపర్ ముందు కూర్చోవాలి. అన్నం కొంచెం తగ్గించి, కూర, పప్పు పెంచి, నిద్రని 20 నిమిషాలకి కుదించండి. గంట దాటిన పగటి నిద్ర లేచాక చాలాసేపు మత్తుగానే ఉంచుతుంది.

చాయ్ సంగతి కాస్త ఓపికగా చూడాలి. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. రాత్రి ఏడింటికి తాగిన ఇరానీ చాయ్‌లో సగం కెఫీన్ పన్నెండింటికీ మీతోనే ఉంటుంది. అందుకని చివరి కప్పు నాలుగు లోపలే. కానీ సాయంత్రం ఆ కొట్టుకి మిమ్మల్ని తీసుకెళ్తున్నది చాయేనా? ఒకరోజు వెళ్లి చాయ్ తాగకుండా పది నిమిషాలు మాట్లాడి రండి. ఒకరోజు హాల్‌లోనే ఫ్లాస్క్ చాయ్ తాగండి. ఇంకోరోజు ఊరికే సందు చివరిదాకా నడిచి రండి. ప్రతిసారీ వచ్చి కూర్చున్న పావుగంటకి ఎలా ఉందో రాయండి. నడకతోనే తేరుకున్నారంటే కాళ్లు చాపుకోవడం కావాలి, మాటలతో తేరుకున్నారంటే మనిషి తోడు కావాలి. ఆ అసలు అవసరాన్ని తీర్చండి, గంటన్నర చర్చ అదే కరుగుతుంది.

ఒకసారికి ఒకే అలవాటు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మంది మీద చేసిన అధ్యయనంలో, కొత్త అలవాటు కుదురుకోవడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజుల్లో అయితే, ఇంకొందరికి అంచనా 254 దాకా పోయింది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద నష్టం కనిపించలేదు. కాబట్టి 21 రోజుల చాలెంజ్‌లు చూసి మిమ్మల్ని మీరు కొలుచుకోకండి. తప్పిన రోజుని కూడా మిగతా రోజుల్లాగే ఒక లైన్‌లో రాయండి. కెనడాలో మైఖేల్ వోల్ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి పరీక్షకి చదవకుండా వాయిదా వేసినందుకు తమని తాము క్షమించుకున్న విద్యార్థులు తర్వాతి పరీక్షకి తక్కువగా వాయిదా వేశారు. తిట్టుకుంటే వచ్చే బాధ నుంచి తప్పించుకోవడానికి చెయ్యి మళ్లీ ఫోన్ దగ్గరికే పోతుంది మరి.

నోట్‌బుక్‌తో తేలనివి కూడా ఉంటాయి. వారాల తరబడి నిద్ర లేకపోయినా, రోజూ మద్యం లేనిదే గడవకపోయినా, బతకాలని లేదనిపించినా ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి కాల్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి నేరుగా వెళ్లొచ్చు. సిగరెట్ మానాలనుకునేవాళ్లకి 1800-11-2356 ఉంది.

పరీక్ష దగ్గర పడ్డాక కొత్త మార్పులు పెట్టుకోవద్దు, ముఖ్యంగా చాయ్ విషయంలో. రోజూ నాలుగు కప్పులు తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి, మందకొడితనం మొదలై, ఒకటి రెండు రోజులకి ముదిరి, తొమ్మిది రోజుల దాకా ఉండొచ్చు. తగ్గించాలంటే మూడు వారాల ముందే, నాలుగైదు రోజులకో కప్పు చొప్పున తగ్గించండి. అంత టైం లేకపోతే ఉన్న చాయ్‌ని ఉన్నట్టే తాగి పేపర్ రాసి రండి.