కోపం రాని దేవుడు నాకు వద్దు

పాత నిబంధన దేవుడు కోపిష్టి, కొత్త నిబంధన దేవుడు ప్రేమగలవాడు అనే మాట మా తిరుపతిలో యవనస్తుల కూటాల్లో ఈ మధ్య చాలా మామూలుగా వినిపిస్తోంది. అనేది బైబిల్ తెరవని పిల్లలు కూడా కాదు, బాగా చదివేవాళ్ళే. వాళ్ళకి నిజంగానే ఇబ్బందిగా ఉంది. ఆదివారం పొద్దున దేవుని ప్రేమ గురించి కళ్ళు మూసుకుని పాడి, శుక్రవారం ఉపవాస ప్రార్థనలో దేవుడు అగ్ని కురిపించి నాశనం చేసిన సొదొమ గొమొఱ్ఱా పట్టణాల మీద గంటన్నర వాక్యం విన్నాక, ఈ ఇద్దరూ ఒకరేనా అన్న ప్రశ్న రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. పెద్దవాళ్ళం మాత్రం ఏదో ఒకటి చెప్పి పంపించేస్తున్నాం. కొందరు "అట్లా అడగకూడదు" అంటారు. ఇంకొందరు "కోపం సంగతి వదిలెయ్యమ్మా, దేవుడంటే ప్రేమ, అంతే" అంటారు. నాకు ఎక్కువ బెంగ ఈ రెండో జవాబు గురించే, ఎందుకంటే అది వినడానికి ఎంతో దయగా ఉంటుంది గానీ, నిజంగా అన్యాయం జరిగినవాళ్ళ దగ్గరికి దాన్ని తీసుకెళ్తే అందులో దయ ఎక్కడా కనిపించదు.

ఇట్లా విడదీయడం కొత్తేం కాదు. రెండో శతాబ్దంలో నల్లసముద్రం ఒడ్డున ఉన్న సినోపే నుంచి మార్కియోను అనే ఓడల యజమాని రోముకి వచ్చాడు. లోకాన్ని చేసిన యూదుల దేవుడు వేరు, యేసు చూపించిన తండ్రి వేరు అని బోధించాడు. పాత నిబంధన మొత్తం పక్కన పెట్టాడు, సువార్తల్లో లూకా ఒక్కటే ఉంచి అందులోనూ సరిపడనివి కత్తిరించాడు, పౌలు పత్రికలు పది ఉంచుకున్నాడు. 144లో రోమా సంఘం అతన్ని వెలివేసింది, అతను అంతకుముందు ఇచ్చిన పెద్ద కానుకని కూడా తిరిగి ఇచ్చేసిందని తొలి సంఘాల కాలపు రచయిత తెర్తుల్లియను రాశాడు. ఆ ఒక్క పనికి ఆ సంఘమంటే నాకు చాలా గౌరవం. అయినా అంత కత్తిరించినా ఆ పని పూర్తయ్యేది కాదు. గెహెన్నా (నరకం) గురించి గట్టిగా హెచ్చరించింది యేసే. "గొఱ్ఱెపిల్ల ఉగ్రత" అన్న మాట ప్రకటన గ్రంథం ఆరో అధ్యాయంలో ఉంది, అది వధించబడిన గొఱ్ఱెపిల్ల, అంటే యేసు, ఉగ్రత. మరోవైపు, బబులోను సైన్యం యెరూషలేముని తగలబెట్టిన తర్వాత ఏడుస్తూ రాసిన విలాపవాక్యాల నడిమధ్యలో, దేవుడు మనుషుల్ని బాధపెట్టేది మనస్ఫూర్తిగా కాదని రాసి ఉంది. కోపం ఒక సగంలో, కనికరం ఇంకో సగంలో పెట్టుకుందామంటే ఈ పుస్తకం ఒప్పుకోదు.

నన్నడిగితే ఈ విషయం మొదలుపెట్టాల్సింది నిర్గమకాండం 34 దగ్గర. అక్కడ దేవుడు తన గురించి తానే చెప్పుకుంటాడు. ఎప్పుడు చెప్పాడో కూడా చూడాలి. జనం బంగారు దూడని చేసుకుని ఆడిపాడారు, మోషే పలకలు పగలగొట్టాడు, కొండ కింద శవాలు పడ్డాయి. అంత జరిగాక, ఇక వీళ్ళతో తెగిపోయిందనుకున్న చోట, మేఘంలో దిగివచ్చి "కనికరము, దయ, దీర్ఘశాంతము, విస్తారమైన కృపాసత్యములుగల దేవుడైన యెహోవా" అని తన పేరు ప్రకటించాడు. వేయి తరాల కృప ముందు, మూడు నాలుగు తరాల శిక్ష తర్వాత. పాపం క్షమిస్తాను, కానీ దోషిని నిర్దోషి అని మాత్రం అనను అన్న రెండు మాటలూ ఒకే ఊపిరిలో వస్తాయి, మధ్యలో సర్దిచెప్పే మాట ఒక్కటీ లేదు. ఆ తర్వాత ఇశ్రాయేలీయులు ఈ మాటల్ని కంఠతా పట్టినట్టు కీర్తనల్లో, యోవేలులో, నెహెమ్యాలో మళ్ళీ మళ్ళీ చెప్పుకున్నారు.

అందులో రెండు చోట్లు పక్కపక్కన పెట్టి చదివితే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. యోనా, నహూము అనే ఇద్దరు ప్రవక్తల పుస్తకాలు. ఇద్దరి వర్తమానమూ ఒకే ఊరి గురించి, అష్షూరు రాజ్యపు మహానగరం నీనెవె. ఇద్దరూ తలుచుకున్నది నిర్గమకాండం 34నే. నీనెవె మారుమనస్సు పొందితే దేవుడు వదిలేశాడు, యోనాకి మండిపోయింది. నువ్వు కటాక్షం గలవాడివని, బహు శాంతంగలవాడివని నాకు ముందే తెలుసు, అందుకే తర్షీషుకి పారిపోయానని దేవుడితోనే అన్నాడు. అంటే మన పిల్లలు దేవుని కోపం చూసి ఇబ్బంది పడుతుంటే, యోనా ఆయన కనికరం చూసి ఇబ్బంది పడ్డాడు. నహూము దగ్గరికొస్తే అదే వాక్యంలో రెండో భాగం ఎత్తుకున్నాడు. యెహోవా దీర్ఘశాంతుడు, అయినా దోషుల్ని నిర్దోషులుగా ఎంచడు, నరహత్య చేసిన పట్టణానికి శ్రమ అన్నాడు. క్రీస్తుపూర్వం 612లో నీనెవె కూలిపోయింది.

నహూముని చదివి "ఎంత కోపమో" అనేవాళ్ళు లాకీషు శిల్పాలని ఒకసారి చూడాలి. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదాలోని లాకీషుని పట్టుకున్న తీరుని నీనెవెలో తన భవనం గోడల మీద తానే చెక్కించుకున్నాడు. ఇప్పుడవి లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మనుషుల్ని కొరత వేయడం, బతికుండగానే చర్మం ఒలవడం, సామాను బండ్ల మీద వేసుకుని ఆడవాళ్ళూ పిల్లలూ చెరలోకి నడిచిపోవడం, అన్నీ వరసగా, గొప్పగా చూపించుకున్నాడు. ఆ నడిచిపోతున్న తల్లికి "దేవునికి కోపం రాదమ్మా" అని ఎవరైనా చెప్పగలరా? ఆమెకి నహూము మాటే సువార్త. ఆ పుస్తకంలో సువార్త ప్రకటించేవాని పాదాలు కొండల మీద కనిపిస్తున్నాయన్న మాట కూడా ఉంది, అదీ అష్షూరు నాశనం గురించి చెప్తూ. ఉగ్రత మంచి వార్తా చెడ్డ వార్తా అన్నది మనం ఎక్కడ నిలబడి వింటున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఇది నాకు పుస్తకాల్లో కంటే మా సంఘంలో ఒక తమ్ముడి దగ్గర బాగా అర్థమైంది. చిత్తూరు పక్కన ఒక కట్టుబడి దగ్గర సెంట్రింగ్ పని చేశాడు. నెలల తరబడి కూలి ఇవ్వకుండా తిప్పుకున్నాడు కాంట్రాక్టరు, చివరికి ఫోన్ ఎత్తడం కూడా మానేశాడు. గృహ ప్రార్థనలో ఈ సంగతి చెప్తే పెద్దలు "క్షమించెయ్ నాయనా, మన దేవుడు ప్రేమగలవాడు" అన్నారు. బయటికొచ్చాక అతను నన్ను పట్టుకుని అడిగాడు: "అన్నా, నేను క్షమిస్తాను సరే, దేవునికైనా వాని మీద కోపం రావద్దా?" అప్పుడు యాకోబు పత్రిక ఐదో అధ్యాయం తీసి చదివాం. "మీ చేలు కోసిన పనివారికియ్యక, మీరు మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది." కొత్త నిబంధనలోని మాటే ఇది. అతను రెండోసారి చదవమన్నాడు. అతనికి కావలసింది కాంట్రాక్టరు నాశనం కాదు, తన చెమటకి పైన ఎవరో లెక్క చూస్తున్నారన్న నమ్మకం. రోమా 12లో పౌలు చెప్పేదీ అదే కదా, మీరే పగ తీర్చుకోకండి, దేవుని ఉగ్రతకి చోటివ్వండి. దేవునికి కోపం ఉందని నమ్మినవాడు కత్తి కింద పెట్టగలడు. క్రొయేషియాలో పుట్టిన వేదాంతి మిరొస్లావ్ వోల్ఫ్ కూడా ఒకప్పుడు కోపం దేవునికి తగదనుకునేవాడట, 1990లలో తన సొంత దేశం యుద్ధంలో తగలబడ్డాక ఆ అభిప్రాయం మార్చుకున్నాడు. (ఆ తమ్ముడితో పాటు లేబర్ ఆఫీసుకి వెళ్ళడం కూడా ఆ వాక్యానికి లోబడటమేనని నేననుకుంటాను. కూలి కొంత వచ్చింది, ఇంకా కొంత రావాలి.)

అయితే ఇదే మాటని నోటికొచ్చినట్టు వాడేవాళ్ళు ఉన్నారు, అదే నాకు భయం. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి, తిరుపతి వీధులు చెరువులై, రాయలచెరువు కట్ట ఎప్పుడు తెగుతుందోనని కింద ఊళ్ళు ఖాళీ చేయించిన రోజుల్లో, ఇది ఊరి పాపాలకి దేవుని ఉగ్రత అని వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరిగాయి. మన విశ్వాసుల ఫోన్ల నుంచే వచ్చాయి. ఇల్లంతా బురదైపోయిన ఒక పెద్దమ్మ, "ఏం నాయనా, మా మీద దేవునికి ఏం కోపమో" అని అడిగింది. ఆ మెసేజ్ పంపినవాళ్ళు ఆమె ముందు నిలబడి అదే మాట అనగలరా? లూకా 13లో పిలాతు చంపించిన గలిలయుల వార్త యేసు దగ్గరికి తెచ్చినప్పుడు, ఆయనే ఇలాంటి ఇంకో సంగతి ఎత్తి అడిగాడు. సిలోయములో గోపురం పడి చచ్చిన ఆ 18 మంది, యెరూషలేములో ఉన్న మిగతావాళ్ళ కంటే ఎక్కువ అపరాధులనుకుంటున్నారా? కారు అని ఆయనే చెప్పాడు. అక్కడితో వదల్లేదు, మీరు మారుమనస్సు పొందకపోతే మీరూ నశిస్తారన్నాడు. చచ్చినవాళ్ళ వైపు వేలు చూపించడానికి లేదు, వింటున్నవాళ్ళ వైపే తిరగాలి.

బైబిల్లో ఉగ్రత గురించి మాట్లాడినవాళ్ళు ఎలాంటివాళ్ళో గమనించండి. అబ్రాహాము సొదొమ కోసం యాభై దగ్గర మొదలుపెట్టి పదిమంది దాకా బతిమాలాడు. మోషే, వీళ్ళని క్షమించకపోతే నీ గ్రంథంలోంచి నా పేరు తుడిచెయ్యమన్నాడు. యేసు యెరూషలేము పడిపోతుందని చెప్పేముందు దాన్ని చూసి ఏడ్చాడు. మా వీధిలో నీళ్ళు నడుము దాకా వచ్చినప్పుడు ఫోన్‌లో తీర్పు చెప్పినవాళ్ళ కళ్ళలో ఆ కన్నీళ్ళు ఉండి ఉంటే వాళ్ళ మాట కనీసం కూర్చుని వినేవాణ్ణి.

యేసు కోపపడ్డాడని సూటిగా రాసిన ఒక చోటు మార్కు 3:5. విశ్రాంతి దినం, సమాజమందిరం, చెయ్యి ఎండిపోయిన ఒక మనిషి, అతన్ని బాగుచేస్తే నేరం మోపాలని కాచుకుని కూర్చున్న పెద్దలు. ఆయన వాళ్ళ హృదయకాఠిన్యానికి దుఃఖపడి, కోపంతో చుట్టూ చూసి, ఆ మనిషితో "నీ చెయ్యి చాపుము" అన్నాడు. కోపం, దుఃఖం, స్వస్థత, మూడూ ఒకే వచనంలో. ఆ పేదవాడి చెయ్యి గురించి పట్టనివాళ్ళ మీద కోపం రాకపోయి ఉంటే ఆయనకి అతని మీద ప్రేమ ఉందని నేను నమ్మేవాణ్ణి కాదు. నా ఉద్దేశంలో కోపమూ కనికరమూ దేవునిలో పోట్లాడుకునే రెండు గుణాలు కావు. ఆయనకున్నది ఒకటే ప్రేమ, అది మనల్ని తినేస్తున్నదాన్ని చూసినప్పుడు కోపంగా ఉంటుంది.

మన ప్రాంతపు సంఘాలకి ఈ చర్చ వారసత్వంగానే వచ్చింది. చిత్తూరు, మదనపల్లె వైపు పనిచేసిన ఆర్కాట్ మిషన్ అమెరికన్లు రిఫార్మ్డ్ సంఘం వాళ్ళు, వాళ్ళ హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి 1563 నాటిది. దేవుడు కనికరం గలవాడు కూడా కదా అని 11వ ప్రశ్న అడుగుతుంది, అవును, అయితే న్యాయవంతుడు కూడా అని జవాబు. అది పట్టుకుని భయపెట్టడం సులువే. కానీ అదే పుస్తకం మొదటి ప్రశ్న, బతుకులోనూ చావులోనూ నీకున్న ఆదరణ ఏమిటి అన్నది. ముందు ఆదరణ, తర్వాతే మిగతాదంతా. తిరుపతి వైపు వచ్చిన హెర్మన్స్‌బర్గ్ మిషనరీలు లూథరన్లు. లూథరు 1518లో, అదీ హైడెల్‌బర్గ్ పట్టణంలోనే, యెషయా 28 ఆధారంగా తీర్పు దేవునికి పరాయి పని అని, రక్షించడం ఆయన సొంత పని అని వాదించాడు. ఈ రెండు సంప్రదాయాలూ మన జిల్లాల్లో నూటయాభై ఏళ్ళకు పైగా పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాన్ని చదివి ఇంకొకదాన్ని పారేయాల్సిన పనిలేదు.

ఇక సిలువ. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు చెప్పేటప్పుడు, ముఖ్యంగా "నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచావు" అన్న నాలుగో మాట దగ్గర, కొందరు బోధకులు ఒక బొమ్మ గీస్తారు: పైన మండిపడుతున్న తండ్రి, కింద మనకోసం దెబ్బలు కాస్తున్న మంచి కొడుకు. రైలు వంతెన దగ్గర పనివాడు ప్రయాణికుల్ని కాపాడటానికి తన పిల్లాణ్ణి బలిచ్చిన కథ కూడా చెప్తారు. పాపం ఆ పిల్లాడికి ఏమీ తెలియదు, ఆడుకుంటున్నాడు. సువార్త అది కాదు. యోహాను 10లో యేసు "ఎవడును నా ప్రాణము తీసికొనడు, నా అంతట నేనే దాని పెట్టుచున్నాను" అన్నాడు. దేవుడు క్రీస్తులో ఉండి లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడని రెండో కొరింథీయులకు రాసిన పత్రిక చెప్తుంది. సిలువ వల్ల తండ్రికి మనమీద ప్రేమ పుట్టలేదు, ప్రేమ ఉంది కాబట్టి సిలువ వచ్చింది, రోమా 5:8 చెప్పేది ఇదే. తీర్పు చెప్పినవాడే ఆ తీర్పు కిందికి వచ్చి నిలబడ్డాడు. పాపాన్ని చూసీ చూడనట్టు వదిలెయ్యలేదు, పాపిని వదులుకోలేదు. ఆ బొమ్మలో తండ్రినీ కొడుకునీ విడదీసి చూపిస్తే, మార్కియోనుని రోములో బయటికి పంపి గుడ్ ఫ్రైడే రోజు వెనక తలుపులోంచి లోపలికి తెచ్చుకున్నట్టే.

ఇంత చెప్పినా అన్నీ ఇందులో ఇమడవు. ఉజ్జా సంగతి నాకు ఇప్పటికీ తెగలేదు. రెండో సమూయేలు 6లో ఎడ్లకి కాలు జారితే దేవుని మందసం (ఆజ్ఞల పలకలున్న పవిత్రమైన పెట్టె) పడిపోతుందని చెయ్యి చాపాడు, అక్కడే చనిపోయాడు. మందసాన్ని మోతకర్రలతో మోయాలి, ముట్టుకోకూడదు అని సంఖ్యాకాండం 4లో ఉందని జవాబు చెప్తారు, ఆ నియమం ఉన్నమాట నిజమే. అయినా ఆ జవాబు దావీదుకే సరిపోలేదు, అతనికి కోపం వచ్చింది, ఆ వెంటనే భయం వేసింది, మందసాన్ని తన ఊరికి తీసుకెళ్ళకుండా గిత్తీయుడైన ఓబేదెదోము ఇంట్లో దించేసి వెళ్ళిపోయాడు. అదే మందసం ఆ ఇంట్లో మూడు నెలలు ఉంటే యెహోవా ఆ ఇంటివారినందరినీ ఆశీర్వదించాడని పక్క వచనంలోనే రాసి ఉంది. దీని మీద ఇంతకంటే బాగా చెప్పగలిగిన అయ్యగార్లు ఎవరైనా ఉంటే కూర్చుని వింటాను.