మూడు వారాలు పలకని రెండో ప్రాసెసర్

నిన్న రాత్రి పదకొండు గంటలకు తెర మీద 'ఏకార్న్ ట్యూబ్ 6502 64కె' అన్న అక్షరాలు కనబడ్డాయి. ఆ సంతోషం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

నాది బీబీసీ మైక్రో, మోడల్ బి. బ్రిటన్‌లోని ఏకార్న్ కంపెనీ 1980లలో చేసిన కంప్యూటర్. 1984లో మొదలైన క్లాస్ అనే కంప్యూటర్ విద్యా పథకం కింద మన పాఠశాలలకు వచ్చిన రకమే. నేను బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష దిద్దుకున్నది దాని మీదే. మోడ్ 0 అనే తెర పద్ధతిలో బొమ్మ గీయాలంటే ఉన్న 32 కిలోబైట్లలో తెరకే 20 పోతాయి. ప్రోగ్రాముకు మిగిలేది 8,704 బైట్లు. తిథి లెక్కగట్టి చంద్రకళ గీసే నా ప్రోగ్రాము అందులో పట్టక ప్రతిసారీ 'బ్యాడ్ మోడ్' అని ఆగిపోయేది. అందుకే ఇంగ్లండు నుంచి 3 మెగాహెర్ట్జ్ రెండో ప్రాసెసర్ పెట్టె తెప్పించాను. తెర, కీబోర్డు పాత యంత్రం చూసుకుంటుంది. లెక్కలన్నీ పెట్టెలో, దాని సొంత 64 కిలోబైట్లలో జరుగుతాయి.

సుంకం కట్టాను, 40 పిన్నుల పట్టీ తీగను కంప్యూటర్ అడుగున, రెండో ప్రాసెసర్ కోసమే ఉన్న ట్యూబ్ సాకెట్లో గుచ్చాను. ఆన్ చేస్తే 'బీబీసీ కంప్యూటర్ 32కె' అన్న పాత పలుకే! తీగ మార్చాను, పిన్నులు తుడిచాను, పెట్టెలో వోల్టేజీ కొలిచాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మరమ్మతు దుకాణానికి తీసుకెళ్తే, మూత కూడా విప్పకుండా, 'ఈ తుక్కును కాటాకు వేసుకోండి' అన్నాడు పదిమంది ముందు. ఆ మాట ఇంకా మండుతూనే ఉంది. 1985 ఏప్రిల్ 26న మొట్టమొదటి ఆర్మ్ చిప్పును పరీక్షించింది ఇలాంటి బీబీసీ మైక్రోకు రెండో ప్రాసెసర్‌గా తగిలించే. అతని జేబులోని ఫోను వంశం అక్కడిదే!

చివరికి, ఏ ఏ చిప్పులు పలుకుతున్నాయో చూపే 'స్టార్ హెల్ప్' ఆదేశం కొట్టాను. 'ఓఎస్ 1.20' అని ఒక్క వరుసే వచ్చింది. అప్పుడు అర్థమైంది. పెట్టె ఉందని యంత్రం పసిగడుతుంది గానీ, దానితో మాట్లాడే ప్రోగ్రాము ఓఎస్‌లో (యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రాములో) లేదు, డీఎన్ఎఫ్ఎస్ అనే రోమ్ చిప్పులో, అంటే చదవడానికి మాత్రమే వీలైన చిప్పులో ఉంటుంది. ఏ చిప్పూ పలకకపోతే పెట్టెను లేనట్టే వదిలేస్తుంది. ఆ చిప్పును ఏకార్న్ పెట్టెతోపాటే ఇచ్చేది. 'అన్నీ ఉన్నాయి' అని అమ్మినవాడు దాన్ని మింగేశాడు. చిప్పు ఫొటో చూడకుండా రూపాయి కూడా పంపకండి.

27128 అనే ఖాళీ రోమ్ చిప్పులోకి ఆ ప్రోగ్రాము ఎక్కించుకుని, పక్క చిప్పుల గాటు చూసి అదే దిక్కున గుచ్చాను. మోడ్ 0లోనే ఖాళీ ఎంతో అడిగాను: 30,720. క్యాసెట్ నుంచి నా ప్రోగ్రాము ఎక్కించాను. నిన్నటి చంద్రుడు తెర మీద నిండుగా వచ్చాడు.