ఐదో రోజుకీ తగ్గని జ్వరం

మాది కావలి దగ్గర పల్లె. పోయినేడు వినాయక చవితి వెళ్ళిన వారంలో మా ఏడేళ్ళ పిల్లోడికి జ్వరం పట్టుకుంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ సూది వేసి, రెండు రోజులకు యాంటిబయాటిక్ మాత్రలిచ్చాడు. పొద్దున కాస్త నెమ్మదించేది, దీపాలు పెట్టే వేళకు మళ్ళీ ఒళ్ళు కాలిపోయేది. నాలిక మీద తెల్లగా పాచి, కడుపు నొప్పి. ఆరో రోజు ల్యాబులో వైడాల్ అనే రక్తపరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు.

నెల్లూరులో పిల్లల డాక్టరమ్మ ఆ కాగితం పక్కన పెట్టేసింది. ఆ ఒక్క పరీక్షనే నమ్మలేమని, రక్తం తీసి, అందులో క్రిమి పెరుగుతుందేమో చూసే కల్చర్ పరీక్షకు పంపుదామని చెప్పింది. ముందే మింగిన మాత్రల వల్ల కల్చర్‌లో క్రిమి దొరక్కపోవచ్చట. ఆ మాట వినగానే నా గుండె జారిపోయింది. రక్తం తీసుకున్నాకే, రిపోర్టు కోసం ఆగకుండా సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటిబయాటిక్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. చేతికి మందెక్కించే సన్న గొట్టం (క్యాన్యులా), కదలకుండా కింద అట్టముక్క, పైన ప్లాస్టరు. వాడు ఎడం చేత్తో అన్నం కలుపుకోడానికి తంటాలు పడుతుంటే చూడలేకపోయాను.

అసలు కష్టం ఆ తర్వాతే. మందు పడుతూనే ఉంది, జ్వరం వస్తూనే ఉంది. నేను క్యాలెండరు కాగితం వెనక రోజూ సాయంత్రం లెక్క రాసుకున్నాను: 104, 103.8, 103.2, 102.6. ఐదో రోజు 102. మా అత్తమ్మ ఏడుపు మొదలుపెట్టింది, "ఇన్నాళ్ళైనా తగ్గకపోతే ఇదేం మందమ్మా, మద్రాసుకు తీసుకుపోదాం పాండి" అని. మా ఆయన కూడా అటే మొగ్గాడు.

డాక్టరమ్మ నా కాగితం చేతిలోకి తీసుకుని, "చూడమ్మా, రోజురోజుకీ దిగుతోంది కదా. సరైన మందు పడినా టైఫాయిడ్ జ్వరం పూర్తిగా పోడానికి వారం దాకా పట్టొచ్చు" అంది. అప్పటికే కల్చర్‌లో క్రిమి బయటపడింది. అది సిప్రోఫ్లోక్సాసిన్ అనే ఇంకో యాంటిబయాటిక్‌కు లొంగదు, సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగుతుంది. అంటే సరైన మందే వాడుతున్నాం. ఆ రిపోర్టు లేకపోతే మేం ఆ రాత్రే కారెక్కేవాళ్ళం.

ఏడో రోజు సాయంత్రం 99. ఇంటికి పంపుతూ, మొత్తం పద్నాలుగు రోజులు నిండేదాకా సెఫిక్సిమ్ సిరప్ రాసింది. బన్ను, పాలు మాత్రమే పెట్టాలన్న చుట్టాల మాట వద్దని, మెత్తటి పప్పన్నం, ఇడ్లీ, గుడ్డు పెట్టమంది. కడుపు ఉబ్బి నొప్పి ఎక్కువైనా, విరేచనం నల్లగా పోయినా, రక్తం పడినా రాత్రనీ పగలనీ చూడకుండా తీసుకురమ్మంది. పేగుకు చిల్లి పడే ప్రమాదం జబ్బు మూడో వారంలోనే ఎక్కువట.

పదో రోజుకే వాడు వీధిలో పరుగులు తీశాడు. ఇంకా సిరప్ ఎందుకన్నారు ఇంట్లో. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుందని చెప్పి, చివరి చెంచాదాకా నా చేత్తోనే తాగించాను.

మూడేళ్ళ చిన్నదానికి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా డబ్బులు పెట్టి వేయించాం. ఒకసారి వచ్చినంత మాత్రాన మళ్ళీ రాకుండా పోదట, వాడికీ వేయించాలి. ఎప్పుడన్నది డాక్టరమ్మ చెప్తుంది. ఈలోగా తాగే నీళ్ళు కాచి చల్లార్చే పోస్తున్నాను.